ఎనిమిదేళ్ల ఫీడ్‌బ్యాక్ ఫారాలు: ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు

ఎనిమిదేళ్లుగా కార్యక్రమాలు నిర్వహించే పనిలో ఉన్నాను. 30 మంది కూర్చునే వర్క్‌షాపులు, 300 మంది వచ్చే ఒకరోజు సదస్సులు, మధ్యలో రకరకాల శిక్షణ తరగతులు. ప్రతిదాని తర్వాతా వచ్చినవాళ్ల అభిప్రాయం తీసుకున్నాం. మొదట్లో కాగితం మీద, తర్వాత ఆన్‌లైన్ ఫారంలో, ఇప్పుడు ఫారంతో పాటు ఫోన్లో కూడా. మూడింటినీ ఇంతకాలం వాడాను కాబట్టి నా అనుభవం ఒకచోట రాసి పెడుతున్నాను.

మొదటి కాగితం ఫారం ఇంకా నా దగ్గర ఉంది. రెండు వైపులా కలిపి 22 ప్రశ్నలు. పైన "మీ అమూల్యమైన అభిప్రాయాలను తెలియజేయగలరు" అని పెద్దక్షరాల్లో. ఒక్కో ప్రశ్నకు ఎదురుగా 1 నుంచి 5 దాకా గడులు. తిరిగొచ్చిన కాగితాల్లో చాలావాటిలో టిక్కులన్నీ 4 కింద వరసగా దిగిపోయి ఉన్నాయి. ఒకాయన టిక్కులు కూడా పెట్టలేదు, 5 గడి మీద పైనుంచి కిందిదాకా ఒకే గీత లాగేశారు. చివర "సలహాలు, సూచనలు" అన్నచోట దాదాపు అందరూ రాసింది ఒకటే: కార్యక్రమం చాలా బాగుంది, నిర్వాహకులకు అభినందనలు. ఆ సాయంత్రం అవి చదువుకుని సంతోషపడ్డాం. తర్వాతి కార్యక్రమానికి ప్లాన్ వేసుకుందామని కూర్చుంటే, ఆ కట్ట మొత్తం తిరగేసినా మార్చాల్సింది ఒక్కటీ కనపడలేదు.

నింపినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. మనం ఆహ్వాన పత్రిక భాషలో అడిగాం, వాళ్లు సన్మాన పత్రం భాషలో జవాబిచ్చారు. "అమూల్యమైన" అనే మాట చూడగానే చేతిలో పెన్ను దానంతటదే మర్యాదలోకి వెళ్లిపోతుంది. ఇప్పుడు మా ఫారం పైన ఉండేది ఇంతే: "ఈరోజు ఏది బాగాలేదో చెప్పండి. వచ్చేసారి మారుస్తాం." ఈ ఒక్క మార్పుతోనే జవాబుల తీరు మారింది. జనం మొహమాటం వదిలి రాయడం మొదలుపెట్టారు.

ఆ 5 గడుల గురించి కూడా ఒక మాట. ఈ కొలతను 1932లో ప్రచురించింది రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఒకే విషయం మీద చాలా వాక్యాలిచ్చి, వాటన్నిటి జవాబులను కలిపి ఒక మనిషి వైఖరి ఎటు ఉందో చూడటం ఆయన పద్ధతి. మేం చేసింది వేరు. సౌండుకు ఒక గడి, వక్తకు ఒక గడి, కుర్చీలకు ఒక గడి పెట్టి, అన్నిటినీ కలిపి సగటు తీసి "4.3 వచ్చింది" అని రిపోర్టులో రాసుకున్నాం. మైకు గరగరలాడిందా, కుర్చీలు ఇరుకయ్యాయా అన్నది ఆ 4.3లో ఎక్కడుంది? పైగా "సమయపాలన, ఏర్పాట్లు ఎలా ఉన్నాయి?" లాంటి జంట ప్రశ్నలు. సమయానికి మొదలైంది గానీ గది ఉక్కపోతగా ఉంది అనుకున్న మనిషి ఎన్ని మార్కులు వేయాలి? మధ్యలో 3 వేసి వెళ్లిపోతారు. ఆ 3కి అర్థం చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు.

తర్వాత గూగుల్ ఫారమ్స్‌కి మారాం. ఉచితం, జవాబులు నేరుగా షీట్‌లోకి వచ్చి పడతాయి, ఒక జవాబును బట్టి మనిషిని వేరే సెక్షన్‌కి పంపొచ్చు. ఉదయం మాత్రమే ఉన్నవాళ్లకు మధ్యాహ్నం ప్రశ్నలు కనపడకుండా చేయడానికి ఇది చాలా పనికొస్తుంది. కానీ మొదటి ఏడాది మేమే ఒక పొరపాటు చేశాం. ఒకరు ఒకసారే నింపాలన్న ఉద్దేశంతో ఆ సెట్టింగ్ ఆన్ చేశాం. దానికి లాగిన్ తప్పనిసరి. ఈమెయిల్ కూడా తీసుకునేలా పెట్టాం. ఫారం తెరవగానే తమ అడ్రస్ కనపడితే ఎవరు మనసు విప్పి రాస్తారు? రెండూ తీసేశాక ఒకరిద్దరు రెండుసార్లు నింపారేమో గానీ, విమర్శలు రావడం మొదలైంది. ఆ బేరం నాకు సమ్మతమే.

ఎప్పుడు అడగాలి అన్నది ప్రశ్నలంత ముఖ్యం. మొదట్లో మర్నాడు ఉదయం లింకు పంపేవాళ్లం. ఒకసారి 120 మందికి పంపితే 17 జవాబులొచ్చాయి. ఇంటికెళ్లాక ఎవరి పనులు వాళ్లకుంటాయి. ఇప్పుడు వందన సమర్పణకు ముందు కార్యక్రమంలోనే 5 నిమిషాలు కేటాయిస్తాం. కార్యక్రమం సమయాల పట్టికలో దానికొక వరస ఉంటుంది, మిగతా అంశాల్లాగే. తెర మీద క్యూఆర్ కోడ్ పెడతాం, వేదిక మీద ఎవరూ మాట్లాడరు, ఫోన్ లేనివాళ్లకు, ఫోన్లో టైపు చేయడం ఇష్టంలేనివాళ్లకు వాలంటీర్లు చిన్న చీటీ, పెన్ను ఇస్తారు. వందన సమర్పణ తర్వాత అయితే లాభం లేదు. అది మొదలవగానే సగం మంది బ్యాగులు సర్దుకుంటారు. ఆ 5 నిమిషాల నిశ్శబ్దం మొదటిసారి చాలా టెన్షన్ పెట్టింది, హాలంతా బోసిపోయినట్టు అనిపించింది. కానీ ఆరోజు సగానికి పైగా జవాబులొచ్చాయి.

అక్కడికక్కడే అడగడంలో ఒక చిక్కు కూడా ఉంది. 1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక ప్రయోగంలో మనుషులను చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టమన్నారు. ఒకసారి 14 డిగ్రీల నీళ్లలో 60 సెకన్లు. ఇంకోసారి అవే 60 సెకన్లతో పాటు మరో 30 సెకన్లు, ఈ 30లో నీళ్లు మెల్లగా 15 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. మళ్లీ చేయాలంటే ఏది ఎంచుకుంటారని అడిగితే ఎక్కువమంది ఆ పొడుగాటి దాన్నే ఎంచుకున్నారు. ముగింపు కాస్త నయంగా ఉంటే మొత్తం నయంగా ఉన్నట్టు గుర్తుండిపోతుంది. ఇది చదివాక మా సదస్సు ఒకటి గుర్తొచ్చింది. భోజనం తర్వాత రెండు గంటలు సాగదీసిన ప్రసంగాలు, చివర్లో మాత్రం అదరగొట్టిన ఒక ముఖాముఖి. ఫారాల్లో అన్నీ పొగడ్తలే. అదే మధ్యాహ్నం హాల్లో నేను స్వయంగా చూసిన ఆవలింతలు ఏ జవాబులోనూ లేవు.

అందుకే "మొత్తంగా ఎలా ఉంది?" అని అడగడం మానేసి, క్షణాలను అడగడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా ఫారంలో నాలుగే ప్రశ్నలున్నాయి. ఈరోజు ఏ సమయంలో ఫోన్ బయటికి తీయాలనిపించింది, అప్పుడు వేదిక మీద ఏం జరుగుతోంది? ఇంటికెళ్లి ఎవరికైనా చెప్పాలనిపించిన విషయం ఏది? మీరు ఎక్కడ కూర్చున్నారు, అక్కడి నుంచి కనపడనిది, వినపడనిది ఏమిటి? ఏ ఆశతో వచ్చారు, అది దొరికిందా? మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబులు బంగారం. "మూడో ఆయన స్లైడు మీదున్నదే చదువుతున్నప్పుడు" అని ఒకరు, "రెండో సెషన్లో పరిచయాలు పది నిమిషాలు సాగినప్పుడు" అని ఇంకొకరు. ఇలాంటివి పది చీటీల్లో కనపడితే వచ్చేసారి పరిచయాలను ఒక్క నిమిషానికి కుదించడానికి ఎవరినీ ఒప్పించక్కర్లేదు.

ఒక ప్రశ్నను ఫారంలో ఉంచాలా తీసేయాలా అని తేల్చుకోవడానికి నాకు ఒకే కొలత ఉంది. దీనికి చెడ్డ జవాబు వస్తే ఎవరు, ఏం మారుస్తారు? హాలు మార్చే వీలు లేనప్పుడు హాలు ఎలా ఉందని అడగను. అడిగి మార్చకపోతే, వచ్చేసారి వాళ్లు రాయరు.

కూర్చున్న చోటు గురించిన ప్రశ్న ఎలా వచ్చిందో చెప్పాలి. ఫారంతో పాటు ప్రతి కార్యక్రమం తర్వాత వారంలోపు ఆరేడుగురికి ఫోన్ చేస్తాను. ముందుగా అనుమతి ఇచ్చినవాళ్లకే. ఒకావిడతో మాట్లాడినప్పుడు, ఎలా జరిగిందండీ అంటే "బాగానే జరిగిందండి" అన్నారు. "బాగుంది" వేరు, "బాగానే ఉంది" వేరు. ఆ దీర్ఘంలో, ఆ "నే"లో ఏదో దాగుందని తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాసేపు ఆగాను. అప్పుడన్నారు: "అంటే, నేను వెనక కూర్చున్నా కదండీ, తెర మీద కింది భాగం కనపడలేదు. ముందువాళ్ల తలలు అడ్డం. లెక్కలన్నీ అక్కడే ఉన్నాయట." ఫారంలో రాయలేదేమండీ అంటే, "దాంట్లో ఆ ప్రశ్న లేదుగా" అన్నారు.

వేదిక ఏర్పాట్లకు ఆరోజు మాకొచ్చిన సగటు 4 పైనే. అప్పటినుంచి వక్తలందరికీ ముందే చెబుతున్నాం, స్లైడులో కింది మూడో వంతు ఖాళీగా వదలండి అని. కార్యక్రమానికి ముందు ఒక వాలంటీరు ఆఖరి వరసలో కూర్చుని చూసొస్తారు. ఇన్నేళ్లలో ఫీడ్‌బ్యాక్ వల్ల మేం చేసిన మార్పుల్లో ఇంత చవకైనది, ఇంత పనికొచ్చినది మరొకటి లేదు.

ఫోన్లో "బాగానే" అన్న తర్వాత ఆగడం నేర్చుకోవాలి. మనం వెంటనే "థాంక్సండీ" అనేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఇంకో పెద్ద లోటు చాలాకాలం నా కళ్లకు ఆనలేదు. చివరిదాకా ఉన్నవాళ్లే ఫారం నింపుతారు. మధ్యలో లేచి వెళ్లిపోయినవాళ్ల మాట ఎక్కడా నమోదు కాదు. ఒక సదస్సులో విరామానికి ముందు, తర్వాత కుర్చీలు లెక్కపెట్టించాను. 180 మంది కాస్తా 110 అయ్యారు. మిగిలిన 110 మంది ఇచ్చిన మార్కులు చూసుకుని మనం మురిసిపోతే, ఆ 70 మంది మాటేమిటి? ఇప్పుడు ద్వారం దగ్గర ఒక వాలంటీరు ఉంటారు. వెళ్లేవాళ్లను ఆపకుండా, ఒకే ప్రశ్న వేస్తారు: "వెళ్తున్నారా అండీ, మీకు కావలసింది దొరికిందా?" చాలామంది "నేను వచ్చిందే ఉదయం సెషన్ కోసమండి" అన్నారు. కొందరు చూడాలనుకున్న వక్త ఎప్పుడొస్తారో తెలియక వెళ్లిపోయారు. మొదటి రకంవాళ్ల గురించి దిగులు అక్కర్లేదు. రెండో రకంవాళ్ల కోసం సమయాల పట్టికను పెద్దగా ప్రింటు తీసి ద్వారం దగ్గరే అంటించాం.

నమోదు చేసుకుని రానివాళ్లకు కూడా ఒక్క వాక్యం పంపుతాం. జవాబులు తక్కువే వస్తాయి, కానీ వచ్చినవి సూటిగా ఉంటాయి.

0 నుంచి 10 దాకా "మీ మిత్రులకు సిఫారసు చేస్తారా?" అనే ప్రశ్న ఒకటి అందరూ వాడుతుంటారు. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే అమెరికన్ వ్యాపార సలహాదారు రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 దాకా ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. వేలమంది కస్టమర్లున్నచోట సరే. మా వర్క్‌షాపులో 20 మంది నింపితే, ఒక్క మనిషి 8 బదులు 9 వేస్తే చాలు, స్కోరు 5 పాయింట్లు పెరిగిపోతుంది. ఒక మనిషి ఆనాటి మూడ్ మీద ఊగే అంకెను పట్టుకుని పోయినసారి కంటే మెరుగయ్యామనో దిగజారామనో చెప్పుకోవడం నాకు నచ్చదు. రెండేళ్లు వాడి వదిలేశాను.

శిక్షణ తరగతుల విషయంలో ఇంకో పని తప్పక చేస్తాను. డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లుగా చూడమన్నారు: వచ్చినవాళ్లకు ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, పనిలో దాన్ని వాడుతున్నారా, దానివల్ల ఫలితం ఏమొచ్చింది. తరగతి అయిన రోజు ఫారంలో దొరికేది మొదటి మెట్టే. అందుకే నెల తర్వాత ఒక మెసేజ్ పెడతాను: "ఆరోజు విన్నవాటిలో ఇప్పటిదాకా దేన్నైనా వాడి చూశారా? వాడకపోతే ఏం అడ్డొచ్చింది?" బ్రహ్మాండంగా ఉందని అందరూ మెచ్చుకున్న ఒక తరగతి నుంచి, నెల తర్వాత ఎవరూ ఏమీ వాడలేదని తేలింది. అక్కడ చూపించిన సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర లేదట. అప్పటినుంచి నమోదు ఫారంలోనే ఎవరి దగ్గర ఏముందో అడుగుతున్నాం.

చిన్న గుంపులో పేరు అడగకపోయినా పేరు తెలిసిపోతుంది. 12 మంది ఉన్న తరగతిలో వయసు, ఉద్యోగం, అనుభవం అడిగితే ఎవరు రాశారో ఇట్టే పట్టేయొచ్చు. చేతిరాత కూడా అంతే. అలాంటిచోట ఆ వివరాలేవీ అడగను, చీటీలు చదివేది నేనొక్కణ్ణే అని ముందే చెబుతాను, ఆ మాట నిలబెట్టుకుంటాను.

వక్తలకు ఏం చూపించాలన్నది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఒకసారి జవాబులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒక వక్తకు పంపేశాను. 60 మంచి మాటలున్నాయి, ఒకటి మాత్రం ఆయన ఉచ్చారణ మీద వెటకారం. ఆయన ఫోన్ చేసి మాట్లాడింది ఆ ఒక్కదాని గురించే. గొంతు విన్నాక చాలా బాధేసింది. ఇప్పుడు ముందు నేనే చదివి, వక్త మార్చుకోగలిగినవి ఒకచోట చేర్చి, ఎంతమంది అన్నారో రాసి పంపుతాను. "వేగంగా మాట్లాడారు, నోట్సు రాసుకోలేకపోయాం, 14 మంది" అని చెబితే ఎవరూ నొచ్చుకోరు. మనిషి మీద విసిరిన రాళ్లను నా దగ్గరే ఆపేస్తాను.

తర్వాతి ఆహ్వానంలో పోయినసారి మీరు చెప్పినవి ఇవీ, మేం మార్చినవి ఇవీ అని మూడు వాక్యాలు రాస్తాం. మార్చలేనిది ఉంటే ఎందుకో కూడా రాస్తాం. మొన్నటి కార్యక్రమంలో ఒక చీటీ మీద నీలం ఇంకుతో ఇలా ఉంది: "తెర పైకి జరిపారు, సంతోషం. ఇప్పుడు ఆఖరి వరసకు మైకు సరిగా వినపడటం లేదు." ఆ చీటీని వచ్చేనెల కార్యక్రమం పనుల పట్టికలో మొదటి వరసకు పిన్ను చేసి పెట్టాను.