వొస్కొపోయా: పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసే ఊరు కాదు

అల్బేనియా అనగానే అందరూ సముద్రం వైపు పోతారు. మేము ఆగ్నేయాన ఉన్న కోర్చా వెళ్లి, అక్కణ్ణించి సుమారు 20 కిలోమీటర్లు కొండెక్కి వొస్కొపోయాలో రెండు రాత్రులున్నాం. 1,160 మీటర్ల ఎత్తు, చుట్టూ పైన్ అడవి, రాళ్లు పరిచిన దారులు, గడ్డివాములు. పైకి చిన్న పల్లెటూరే, కానీ 18వ శతాబ్దంలో దీని పేరు మొస్కొపొలె, బాల్కన్లలోని పెద్ద వ్యాపార పట్నాల్లో ఇదొకటి.

ఊరు ఆరోమేనియన్లు అనే జాతివాళ్లది. వాళ్ల భాష లాటిన్‌లోంచి వచ్చింది, రొమేనియన్‌కి దగ్గర చుట్టం. గొర్రెలు మేపుకునేవాళ్లు ఉన్ని, తోళ్లు కంచరగాడిదల మీద వేసుకుని వెనిస్, వియన్నా దాకా బేరాలకు పోయి, ఆ డబ్బుతో చర్చిలు కట్టి, అచ్చుయంత్రం పెట్టి, 1744లో న్యూ అకాడమీ అనే పెద్ద బడి కూడా నడిపారు. 1769లో ఊరిని దోచుకున్నారు, 1788లో మళ్లీ దోచుకున్నారు, 1916లో మిగిలింది తగలబెట్టారు. జనం చెదిరిపోయారు.

బస మాత్రం ఊళ్లోనే తీసుకోండి. మేమున్న ఇంట్లో వేడినీళ్లు రెండో రోజు పొద్దున రాలేదు, గది రాత్రి బాగా చలిగా ఉంది, అయినా నా ఓటు దానికే. శాకాహారులకు బెంగ లేదు: టమాటా, ఉల్లిపాయ పెట్టి చేసిన లాక్రోర్, పలచటి పిండి పొరల మధ్య కూర పెట్టి నిప్పుల మూత కింద కాల్చేది, వేడివేడిగా తిన్నాం. ఆ ఇంటి పెద్దావిడ పళ్లేలు సర్దుతూ ఆరోమేనియన్‌లో "ఉన్, దోయి, త్రెయి, పత్రు" అని లెక్కపెట్టుకుంటుంటే నేను తినడం ఆపి విన్నాను. ఇన్నిసార్లు దోచుకుని, తగలబెట్టిన ఊళ్లో ఆ లెక్క ఇంకా వినిపిస్తోంది.

రవాణా బాగాలేదు. కోర్చా నుంచి ఫుర్గాన్ అనే వ్యాను నిండితేగానీ కదల్లేదు, తిరుగు ప్రయాణానికి టాక్సీ మాట్లాడుకున్నాం, అదే నయం. కార్డులు నమ్ముకోవద్దు, అల్బేనియా డబ్బు లెక్‌లు నోట్లుగా పెట్టుకోండి.

చర్చిల దగ్గరే అసలు చిక్కు: తాళం వేసి ఉంటాయి, తాళంచెవి ఉన్న మనిషి కోసం అడిగి, ఎదురు చూడాలి, సెయింట్ నికొలస్ చర్చికి మాకు గంటన్నర పట్టింది. లోపల దావీద్ సెలెనిత్సా 1726లో వేసిన గోడబొమ్మలు, పొగకు నల్లబడినా ఆ ఎరుపు, నీలం ఇంకా నిలిచే ఉన్నాయి. వేరే చర్చిలో సాధువుల ముఖాలు ఎవరో గీకేశారు, అది చూసి చాలా బాధేసింది. సాయంత్రానికి వెనక్కి వెళ్లాల్సినవాళ్లు ఆ గంటన్నర ఆగలేక బయటి నుంచే ఫోటో తీసుకుని వెళ్లిపోయారు.

కోర్చాలోని మధ్యయుగ కళల మ్యూజియం మేము దిగొచ్చాక చూశాం. మీరు పైకి వెళ్లే ముందే చూడండి, ఆ గోడల మీద ఏం వెతకాలో తెలుస్తుంది.