పాత పోర్షె 911 సర్వీసింగ్: డీలర్ దగ్గరా, విడి మెకానిక్ దగ్గరా, సొంత గరాజ్‌లోనా?

ఇరవై ఏళ్ల నాటి పోర్షె 911ను అమెరికాలో ఈరోజు ఒక కొత్త కుటుంబ కారుకు పెట్టే డబ్బుతోనే కొనుక్కోవచ్చు. డాలస్, ఆస్టిన్ శివార్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువారిలో కొందరు అలా కొనుక్కున్నారు. నేనూ వారిలో ఒకడిని. కొన్నాక మొదటి సర్వీసు నాడు అందరికీ ఒకే సంగతి తెలిసివస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కారు వెల తగ్గుతుంది గాని, దాని విడిభాగాల వెల, దాని మీద చేయి వేసే మెకానిక్ కూలి తగ్గవు. ఖరీదైన కారుగా పుట్టిన బండి సగం ధరకు మన చేతికి వచ్చినా, సర్వీసు బిల్లు మాత్రం దాని పుట్టింటి లెక్క ప్రకారమే వస్తుంది.

ఈ పోలికకు నేను తీసుకున్నది 911లో 997 అనే సంఖ్యతో పిలిచే తరం మొదటి విడత, అంటే 2005 నుంచి 2008 వరకు మోడల్ కార్లు. సర్వీసుకు మూడు దారులు ఉన్నాయి: పోర్షె డీలర్, ఈ ఒక్క కంపెనీ కార్ల మీదే చేయి తిరిగిన విడి మెకానిక్, ఇంట్లోని సొంత గరాజ్. ఏది మేలు అన్న ప్రశ్నకు కారు మొత్తానికి ఒకే జవాబు చెప్పడం సరికాదని, పనిని బట్టి జవాబు మారాలని నా నిశ్చితాభిప్రాయం. ఒక పనిలో తప్పు జరిగితే అది బండి కదలకముందే కంటికి కనిపిస్తుందా, లేక అన్నీ బిగించి వేగంగా పోతున్నప్పుడు బయటపడుతుందా అన్నదే నా సూత్రం: మొదటి రకం పని ఇంట్లో, రెండో రకం పని చేయి తిరిగినవారి దగ్గర.

మొదట ఆయిల్ మార్పు సంగతి చూద్దాం, ఎందుకంటే మూడు దారుల తేడా ఇక్కడే స్పష్టంగా తెలుస్తుంది. ఈ ఇంజన్‌కు ఎనిమిది లీటర్లకు పైగా ఆయిల్ కావాలి. పోర్షె ఏ40 ప్రమాణానికి సరిపోయే 0డబ్ల్యూ-40 (ఇది ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే గుర్తు) వంటి సింథటిక్ ఆయిల్‌నే వాడాలి. ఊరిని బట్టి కొంత మారినా, స్థూలంగా డీలర్ దగ్గర ఇది 400 డాలర్ల పని, విడి మెకానిక్ దగ్గర 250 డాలర్ల పని. ఇంట్లో చేసుకుంటే ఆయిల్, ఫిల్టర్, వాషర్ కలిపి 130 డాలర్ల లోపు అయిపోతుంది. ఈ లెక్క చూసి ఇంట్లో చేసుకుంటే మూడింట రెండు వంతులు మిగులుతుందని మురిసిపోయేవారిని నేను చాలామందిని చూశాను. నా అనుభవంలో అసలు లాభం అది కాదు. కంపెనీ ఈ కార్లకు మొదట చెప్పిన వ్యవధి సుమారు 20,000 మైళ్లు లేదా రెండేళ్లు. ఈ ఇంజన్ల లోపల ఏం జరుగుతుందో తెలిసినవారు 5,000 మైళ్లకే మార్చమంటారు. అలా మారిస్తే డీలర్ దగ్గర ఒకసారి 400 డాలర్లు పెట్టే కాలంలో నేను ఇంట్లో నాలుగు సార్లకు 500 డాలర్లకు పైగా ఖర్చు పెడతాను. అంటే నాకు డబ్బు మిగలదు. దాదాపు అదే డబ్బుతో ఇంజన్‌కు నాలుగింతలు తాజా ఆయిల్ అందుతుంది, నాలుగుసార్లు కారు అడుగుభాగాన్ని నా కళ్లతో నేను చూసుకుంటాను.

ఆ చూడటం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఇంజన్‌లో ఫిల్టర్ ఒక ప్లాస్టిక్ గిన్నెలో కూర్చునే మడతల కాగితం. ఆయిల్ దించాక ఆ కాగితాన్ని కత్తితో కోసి, మడతలు విప్పి, తెల్లని గుడ్డ మీద పరిచి, లైటు కింద తిప్పుతూ చూస్తే లోహపు రజను ఉందా లేదా తెలిసిపోతుంది. అయస్కాంతానికి అంటుకునే మెరుపులు కనిపిస్తే అది బేరింగ్ అరుగుదలకు గుర్తు కావచ్చు. అటువంటప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయకుండా బండిని ట్రక్కు మీద మెకానిక్ దగ్గరికి పంపడమే మంచిది. డీలర్ దగ్గర రోజుకు అనేక కార్లకు ఆయిల్ మార్చే పనివారు ఎవరూ అడగకుండా ఫిల్టర్ కోసి చూడరు, వారికి అంత వ్యవధి ఉండదు. మంచి విడి మెకానిక్ అయితే అడిగితే చూస్తాడు, కొందరు అడగకుండానే చూస్తారు. ఎవరి చేత చేయిస్తున్నా పాత ఫిల్టర్‌ను అడిగి ఇంటికి తెచ్చుకోండని నేను తోటివారికి గట్టిగా చెబుతాను.

ఇంట్లో చేసే పనిలో ప్రమాదాలూ ఉన్నాయి. ఇంజన్ అడుగుభాగం అల్యూమినియం కాబట్టి, ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టును చేతిబలం కొద్దీ బిగిస్తే మర చెడిపోతుంది, అప్పుడు 130 డాలర్ల పని వందల డాలర్లకు పోతుంది. ఆ బోల్టుకు 50 న్యూటన్ మీటర్ల బిగింపు, ఫిల్టర్ గిన్నెకు 25 న్యూటన్ మీటర్లు చాలు. బిగింపును కొలిచే టార్క్ రెంచి లేకుండా ఈ కారు జోలికి పోకూడదు. వాషర్‌ను ప్రతిసారీ కొత్తది వేయాలి. 997లో ఆయిల్ కొలిచే పుల్ల లేదు, డాష్‌బోర్డు తెర మీదే కొలత చూడాలి, అదీ ఇంజన్ వేడెక్కి బండి సమతలం మీద నిలిచి ఉన్నప్పుడే. తొందరపడి ఎక్కువ పోస్తే ఆయిల్ ఇంజన్ గాలి పీల్చే దారిలోకి పోయి తెల్లని పొగ వస్తుంది. కేవలం జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎవరూ, ఎన్నడూ దూరకూడదు. కారును గట్టి స్టాండ్ల మీద దించి, భుజంతో ఊపి కదలడం లేదని తేల్చుకున్నాకే పడుకోవాలి. ఈ జాగ్రత్తలకు ఓపిక లేనివారికి విడి మెకానిక్ దగ్గర అయ్యే 250 డాలర్లు న్యాయమైన ధర.

బ్రేక్ ఆయిల్ విషయంలోనూ సొంత గరాజ్‌కే నా మొగ్గు, కాని కారణం వేరు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం ఉంటే, తేమ పట్టాక ఆ కనీస ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. రోడ్డు మీద ఈ తేడా చాలామందికి తెలియదు. ఆస్టిన్ దగ్గరి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ వంటి ట్రాక్ మీద పెద్ద వేగం నుంచి మళ్లీ మళ్లీ బ్రేక్ వేసేటప్పుడు మాత్రం మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ నేల దాకా పోతుంది. కంపెనీ రెండేళ్లకు ఒకసారి మార్చమంటుంది. ట్రాక్‌కు వెళ్లేవారు ప్రతి సీజన్‌కూ మార్చుకుంటారు. డీలర్ దగ్గర ఒకసారికి రెండు మూడు వందల డాలర్లయ్యే పని, ఇంట్లో ఒత్తిడితో ఆయిల్ ఎక్కించే ప్రెషర్ బాటిల్ కొనుక్కుంటే ఆ తరువాత సీసా ఆయిల్ ఖర్చే. చక్రం దగ్గర బ్రేక్ డిస్కును నొక్కిపట్టే ప్రతి కాలిపర్‌కూ లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున గాలి తీసే నిపుల్స్ రెండు ఉంటాయని, రెండింటి నుంచీ గాలి తీయాలని గుర్తుంచుకోవాలి. మాన్యువల్ కార్లలో క్లచ్ కూడా అదే డబ్బాలోని ఆయిల్‌తోనే పనిచేస్తుంది. ఇంట్లో చేసుకునేవారు ఎక్కువగా మరిచిపోయేది దాన్నే. ఇక్కడ నా సూత్రానికి ఒక మినహాయింపు కూడా ఉంది: బ్రేక్‌లో జరిగిన తప్పు వేగంలోనే బయటపడవచ్చు. కనుక మొదటిసారి తెలిసినవారు పక్కన ఉండగా చేయాలి, ఇంటి ముందు వీధిలో నెమ్మదిగా నడిపి పెడల్ గట్టిగా ఉందని రూఢి చేసుకోవాలి.

ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్, వైపర్లు, బ్యాటరీ ఇంట్లోనే చేసుకోవాలి. వాటికి డీలర్ అడిగే కూలి ఇవ్వడానికి కారణమేమీ నాకు కనిపించదు. స్పార్క్ ప్లగ్గుల మార్పు తేలిక పనేనని తెలుగువారికి ఒక భ్రమ ఉంటుంది. ఆదివారం పొద్దున్నే స్కూటర్ ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించిన తండ్రులను చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఈ కారులో ఆరు ప్లగ్గులు ఇంజన్‌కు రెండు పక్కల, వెనుక చక్రాల దగ్గర, సైలెన్సర్ల మాటున ఉంటాయి. చక్రాలు తీసి, చేయి పట్టని చోట కాయిల్స్ విప్పాలి. సుమారు 40,000 మైళ్లకు వచ్చే ఈ పని ఒక శనివారమంతా తీసుకుంటుంది. చేయగలిగితే చేయండి, లేకపోతే సిగ్గుపడనక్కరలేదు.

క్లచ్, కూలెంట్, వాటర్ పంపు పనులు మాత్రం నేను విడి మెకానిక్‌కే ఇస్తాను. రేడియేటర్లు ముందు, ఇంజన్ వెనుక ఉన్న ఈ కారులో ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ 20 లీటర్లకు పైగా పొడవాటి గొట్టాల్లో తిరుగుతుంది. వాక్యూమ్ పరికరం లేకుండా నింపితే గాలి చిక్కుకుని ఇంజన్ వేడెక్కుతుంది. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అది దించినప్పుడే ఈ ఇంజన్లలో అందరినీ భయపెట్టే ఐఎంఎస్ బేరింగ్, అంటే ఇంజన్ లోపలి మధ్య షాఫ్టును (ఇంటర్మీడియట్ షాఫ్ట్) మోసే బేరింగ్, చేతికి అందుతుంది. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కొన్ని 911, బాక్స్‌టర్ కార్లలోని ఈ బేరింగ్ విషయంలో అమెరికా కోర్టులో దావా నడిచి, 2013లో పరిష్కారం కుదిరింది. 2006 నుంచి వచ్చిన పెద్ద బేరింగ్ చాలావరకు గట్టిదే గాని, ఇంజన్ కేసును విడదీయకుండా అది బయటికి రాదు. 2009 నాటి కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టే లేదు. మన బండిలో ఏ బేరింగ్ ఉందో తేల్చడం, దాన్ని ఉంచాలా మార్చాలా చెప్పడం, క్రాంక్ షాఫ్ట్ వెనుక ఆయిల్ కారకుండా ఆపే సీలు సరిగా కూర్చోబెట్టడం ఇవన్నీ అటువంటి గేర్‌బాక్సులు వందసార్లు దించిన చేతికే తెలిసిన పనులు. డీలర్ ఈ పని చేయగలడు గాని గంటకు తీసుకునే కూలి ఎక్కువ, పైగా ఇరవై ఏళ్ల కార్లను రోజూ చూసే చేయి ఎక్కువగా విడి మెకానిక్‌దే.

మరి డీలర్‌కు మిగిలేది ఏమిటని అడగవచ్చు. లోపం ఉందని కంపెనీయే కార్లను వెనక్కి పిలిచే రీకాల్ పనులు డీలర్ ఉచితంగా చేస్తాడు. తాళం చెవి పోయినా, కంప్యూటర్ కోడింగ్ కావాలన్నా సాధారణంగా అక్కడికే వెళ్లడం సులువు. వారంటీ ఉన్న కొత్త కారు అయితే డీలర్‌కే మొగ్గడం సహజం, అయితే బయట సర్వీసు చేయించినంత మాత్రాన వారంటీ పోతుందన్న భయం అనవసరం. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప, సర్వీసు తన దగ్గరే చేయించాలని కంపెనీ షరతు పెట్టకూడదు. రుజువు చూపడం మాత్రం మన బాధ్యత కనుక, ఆయిల్ కొన్న రసీదులు, మైలేజీ కనిపించే ఫోటోలు తేదీలతో దాచుకోవాలి.

ఇదే లెక్క అన్ని స్పోర్ట్స్ కార్లకూ వర్తించదు. ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజన్ మొత్తం దించాలి, కొన్నేళ్లకొకసారి తప్పని ఆ పని గరాజ్‌లో అయ్యేది కాదు. తరువాతి 360 మోడెనాలో సీట్ల వెనుక తలుపు తీస్తే బెల్టులు అందుతాయి, ఎఫ్430లో బెల్టుల స్థానంలో గొలుసులే వచ్చాయి. షెవర్లే కార్వెట్‌లో 2019 వరకు ఇంజన్ ముందే ఉండేది కాబట్టి, సొంత చేతులతో పని చేసుకోదలచినవారికి అంతకంటే అనువైన వేగపు కారు నాకు తెలియదు. సిరామిక్ బ్రేకులున్న ఏ కారైనా కొనేముందు డిస్కులను నిపుణుడికి చూపించాలి, ఎందుకంటే ఒక్కో డిస్కే వేల డాలర్లు.

ఇంట్లో పని మొదలుపెట్టడానికి తక్కువ ఎత్తు జాకీ, నాలుగు స్టాండ్లు, రెండు టార్క్ రెంచీలు, లోపాల కోడ్‌లు చదివే డ్యూరామెట్రిక్ వంటి పరికరం కలిపి సుమారు 1,000 డాలర్లు అవుతాయి. అన్నిసార్లూ డీలర్ దగ్గరే మార్పిస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే నాలుగు ఆయిల్ మార్పులతో అది తిరిగి వస్తుంది. నా కారుకు వచ్చే వసంతంలో ట్రాక్‌కు ముందు బ్రేక్ ఆయిల్, తరువాతి ఆయిల్ మార్పు గరాజ్‌లోనే జరుగుతాయి. క్లచ్ పెడల్ బరువెక్కుతోంది కనుక అది మెకానిక్ దగ్గరికి వెళుతుంది. గేర్‌బాక్స్ దించిన రోజు నేనూ అక్కడికి వెళ్లి, సీలు దగ్గర తడి ఉందో లేదో చూసి, ఫోటో తీసి రసీదుల ఫైలులో పెట్టుకుంటాను.