పాత జీపుకి హెడ్ ఫేసింగా, హరికేన్ ఇంజనా?

భాకరాపేట ఘాట్‌లో పాత విల్లీస్ జీపు ఆయాసపడుతుంటే చాలామందికి తట్టే ఉపాయం ఒకటే: మహీంద్రా సీజే-3బీ జీపులో వచ్చిన హరికేన్ ఇంజన్ హెడ్ (సిలిండర్ల పైన ఉండే భాగం) తెచ్చి, విల్లీస్‌లోని పాత గో-డెవిల్ ఇంజన్ బ్లాకు (సిలిండర్లు ఉండే భాగం) మీద బిగించేయడం. రెండు ఇంజన్లూ 2.2 లీటర్లే, బోరు (సిలిండర్ వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా ఒకటే. అయినా కుదరదు. గో-డెవిల్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి. హెడ్ దాదాపు ఉత్త మూత. హరికేన్‌లో గాలి, పెట్రోలు లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లోకి ఎక్కాయి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్‌వి కిందే ఉండిపోయాయి. ఇన్‌టేక్ వాల్వులకి గాలి తెచ్చే గొట్టం (మానిఫోల్డ్) కూడా హెడ్‌తో కలిపి పోసిందే. పై వాల్వుల్ని కదిపే పుష్‌రాడ్లు పైకి రావడానికి పాత బ్లాకులో దారే లేదు.

కాబట్టి అసలు పోటీ వేరు: పాత హెడ్‌కి ఫేసింగా (అడుగు కాస్త కోయించి పల్చన చేయడం), మొత్తం హరికేన్ ఇంజనా?

ఫేసింగ్ చవక. కంప్రెషన్ (సిలిండర్లో గాలి, పెట్రోలు నొక్కుకునే మోతాదు) కాస్త పెరుగుతుంది. కానీ ఆశకొద్దీ ఎక్కువ కోయిస్తే వాల్వు లేచినప్పుడు హెడ్‌కి తగులుతుంది. గాలి వెళ్లే సందూ ఇరుకవుతుంది. తిరుపతి వీధుల్లో తిరిగే బండికి ఇది చాలు.

హరికేన్‌తో 60 హార్స్‌పవర్ కాస్తా 72 దాకా వెళ్తుంది. తలకోన వైపు మనుషులతో, సామానుతో ఎక్కేవాళ్లకి నా ఓటు దీనికే. చిక్కల్లా ఎత్తుతోనే. 1953లో సీజే-3బీ బానెట్‌ని అంత పైకి లేపింది ఈ ఇంజన్ కోసమే; పాత చదును బానెట్ దీని మీద మూతపడదు, కోసి అతికించాల్సిందే. ఆ పాత జీపు ముఖం మీద మోజుంటే ఆలోచించుకోండి. ఇంజన్ నంబరు ఆర్సీలో మార్పించడం మరో పని.