ఎయిర్‌లైన్ కార్డు వోచర్ అసలు విలువెంత? బరంపురం నుంచి నా లెక్క

ఎయిర్‌లైన్ పేరున్న క్రెడిట్ కార్డు తీసుకోవాలా అని ఒడిశాలోని మా బరంపురం బడాబజారులో ఎవరడిగినా సంభాషణ "ఫ్రీ టికెట్ వస్తుందట కదా" అన్న మాటతోనే మొదలవుతుంది. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఆ మాట దగ్గరే. ఆ టికెట్ కోసం కార్డు మీద ఇచ్చే వోచర్ మాఫీ చేసేది బేస్ ఫేర్, అంటే పన్నులూ రుసుములూ కలపని టికెట్ ధర ఒక్కటే. విమానాశ్రయం యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, తలకు 200 రూపాయల భద్రతా రుసుము, దానిమీద జీఎస్టీ, ఇంకా కింద వరుసగా కనబడే చిల్లర ఛార్జీలన్నీ మనమే కట్టుకోవాలి.

కార్డు పేరు చెప్పను. కొన్నేళ్ళుగా వాడుతున్నాను. విమానాశ్రయంలో కూర్చుని తినే లాంజ్, ఇన్సూరెన్స్ లాంటివన్నీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పెద్దగా పోను.

లెక్కకే వస్తాను. నా కార్డు వోచర్ ప్రీమియం ఎకానమీది, అంటే మామూలు ఎకానమీకన్నా ఒక మెట్టు పై తరగతిది. భువనేశ్వర్–ఢిల్లీ ప్రీమియం ఎకానమీ టికెట్ ఒకసారి 9,500 చూపించింది. కార్డు అమ్మేవాళ్ళు వోచర్ విలువ చెప్పేటప్పుడు చూపించేది ఆ 9,500నే. కానీ వోచర్ లేకపోతే నేను ఆ టికెట్ కొంటానా? కొనను. మామూలు ఎకానమీలో వెళ్తాను, అదే రోజు అది 5,800. వోచర్ పెట్టాక కూడా నేను కట్టింది 1,700. అంటే నాకు నిజంగా మిగిలింది 4,100. కాళ్ళు చాపుకోవడానికి కాస్త జాగా, వేడి భోజనం అదనం, కాదనను. ఆ కార్డుకి ఏడాదికి 2,500 ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 2,950. ఒక్క వోచర్ వాడుకున్న ఏడాదికి చేతిలో నిలిచింది 1,150 రూపాయలు.

మైల్‌స్టోన్ వోచర్ల లెక్క ఇంకో రకం. రెండు లక్షలు ఖర్చు పెడితే ఒక వోచర్. అదే రెండు లక్షలు ఒకటిన్నర శాతం క్యాష్‌బ్యాక్ కార్డు మీద పెడితే 3,000 అడగకుండానే వస్తాయి. 4,100 కన్నా 3,000 తక్కువే, నిజమే. అయితే నాలుగు లక్షలకి వచ్చిన రెండు వోచర్లలో ఒకటి గడువు దాటి మురిగిపోయిందనుకోండి, ఇటు 4,100, అటు 6,000. నా వోచర్ల గడువు ఆరు నెలలు. దుకాణం పెట్టుకున్నవాడికి పెళ్ళిళ్ళ సీజనూ దసరాలూ పోగా ఆ ఆరు నెలల్లో ఊరు కదిలే వారం ఎక్కడ దొరుకుతుంది?

పైగా మాకు విమానం ఊళ్ళో లేదు. భువనేశ్వర్ నూట డెబ్భై కిలోమీటర్లు, విశాఖ ఇంకా దూరం. వోచర్‌కి ఖాళీ చూపించేవి నాకు ఎక్కువగా తెల్లవారుజాము ఫ్లైట్లే తగిలాయి. వాటికి ముందురోజు సాయంత్రమే రైలెక్కి లాడ్జిలో పడుకోవాలి. ఆ గది అద్దె 4,100లోంచి తీసేస్తే ఏం మిగులుతుందో మీరే చూడండి.

ఇంతవరకైతే సర్దుకుపోయేవాణ్ణే. నా మనసు విరిగింది 2024 అక్టోబరులో, దానా తుఫాను అప్పుడు.

మా అమ్మాయి ఢిల్లీలో చదువుతోంది. దీపావళి ముందు నేను దుకాణం వదల్లేను కాబట్టి మా ఆవిడని పంపుదామని 24వ తేదీ రాత్రి ఫ్లైట్‌కి వోచర్ మీద బుక్ చేశాను. అప్పడాల కట్టలు, మాగాయ సీసా టేపు చుట్టి, పెట్టె కట్టి గుమ్మం దగ్గర పెట్టుకుని ఉంది. ఇంతలో భువనేశ్వర్ విమానాశ్రయం 24 సాయంత్రం 5 నుంచి 25 ఉదయం 9 దాకా మూసేస్తున్నారని ప్రకటన వచ్చింది. అందులో ఎవరి తప్పూ లేదు. తుఫాను దాటే రాత్రి విమానాలు ఎగరకపోవడమే మంచిది. రైళ్ళు కూడా పెద్ద ఎత్తున రద్దు చేశారు.

ఫ్లైట్ రద్దయితే ఇంకో ఫ్లైట్ అయినా ఇవ్వాలి, డబ్బయినా తిరిగివ్వాలి. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకి మెసేజ్‌లో లింకు వచ్చింది, తేదీ మార్చుకున్నారు. నాకొచ్చిన లింకు నొక్కితే "కాల్ సెంటర్‌ని సంప్రదించండి" అని ఆగిపోయింది. పన్నుల కింద కట్టిన 1,700 కొద్దిరోజుల్లో కార్డులో పడింది. వోచర్ కోడ్ కొడితే మాత్రం "వాడేశారు" అని ఎర్రక్షరాల్లో చూపిస్తోంది.

ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే, "వోచర్ ఇచ్చింది బ్యాంకు కదండీ, వాళ్ళనే అడగాలి" అన్నారు. బ్యాంకుకి చేస్తే, "మా వైపు నుంచి జారీ అయిపోయింది సార్, ఎయిర్‌లైన్ వాళ్ళు రిలీజ్ చెయ్యాలి" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టాక వోచర్ తిరిగొచ్చింది, కానీ పాత గడువుతోనే. మిగిలిన ఆ కొద్దిరోజుల్లో వోచర్‌కి ఒక్క సీటూ లేదు. దీపావళి రద్దీలో ఉంటుందా? మా ఆవిడ పండగ వెళ్ళాక సొంత డబ్బుతో కొన్న ఎకానమీ టికెట్ మీదే వెళ్ళింది.

అదే రాత్రి మా బావమరిది బెంగళూరు టికెట్ కూడా రద్దయింది. అతను వోచర్‌తో కాదు, తన అకౌంట్లో జమైన రివార్డు పాయింట్లు పెట్టి కొన్నాడు. "బావా, నా పాయింట్లన్నీ అకౌంట్లోకి వచ్చేశాయి, నీ వోచర్ సంగతేంటి?" అని ఫోన్ చేశాడు. అతని పాయింట్లకి ఇంకా గడువుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్ని కావాలంటే అన్ని వాడుకుంటాడు. 2019 ఏప్రిల్లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయినా దాని పాయింట్ల పథకం ఇంటర్‌మైల్స్ పేరుతో కొనసాగింది. వోచర్ అలా కాదు, ఒక సంస్థకీ, ఒక తరగతికీ, ఒక గడువు తేదీకీ కట్టేసి ఇస్తారు. వీటిలో ఏది తెగినా విలువ సున్నా. అందుకే ఇప్పుడు వోచర్‌ని ఎవరైనా 9,500 అంటే నేను 2,000 అని రాసుకుంటాను, పాయింట్లని మాత్రం వాటి ధరకి దగ్గరగానే లెక్కేస్తాను.

లాంజ్ బాగుంటుందని మావాళ్ళకి ఇదివరకు చాలా చెప్పాను. ఇడ్లీ ఇప్పటికీ బాగానే ఉంటుంది. కాకపోతే అంతకుముందు మూడు నెలల్లో కార్డు మీద ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే లోపలికి అని చాలా బ్యాంకులు మెలిక పెట్టాయి. ఇంకొకటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని టికెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది, ఎకానమీకి 5 శాతమే. ప్రీమియం తరగతి వోచర్ మీద ఆ పన్ను మనతోనే కట్టించే కార్డయితే జేబులోంచి పోయేది ఇంకా పెరుగుతుంది. తీసుకునే ముందు షరతుల్లో ఆ ఒక్క లైను వెతికి చదవండి.

భువనేశ్వర్లోనో విశాఖలోనో ఉండి, నెలనెలా ఒకే రూట్లో తిరిగేవాళ్ళకి ఈ కార్డు లాభమే కావచ్చు, వాళ్ళకి వద్దని చెప్పను. మా అమ్మాయి చదువు అయ్యేదాకా ఢిల్లీ రాకపోకలు ఎలాగూ తప్పవు కాబట్టి నేనూ ఇంకా తీసెయ్యలేదు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు మాత్రం క్యాష్‌బ్యాక్ కార్డు మీదికి మార్చేశాను. వచ్చే ఏడాది ఫీజు మాఫీ చేస్తారేమో అడిగి చూస్తాను.