కిల్న్ ఆటోలో ఐదేళ్లు: చెయ్యి మంచిదే, ముక్కుతోనే తంటా

సూర్యాపేట జిల్లాలో ఒక సిమెంట్ ప్లాంట్ సీసీఆర్‌లో, అంటే కంట్రోల్ రూమ్‌లో, నా ఉద్యోగం. కిల్న్ అంటే సున్నపురాయి పొడిని కాల్చే పెద్ద తిరిగే కొలిమి. దాన్ని తనంతట తానే నడిపే సాఫ్ట్‌వేర్, మేం 'ఆటో' అంటాం, మా దగ్గరికొచ్చి ఐదేళ్లయింది. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని పెట్టించుకోమన్నాను.

దాని చెయ్యి మంచిది, ఇప్పటికీ అదే మాట. కిల్న్ చల్లబడుతోందనిపిస్తే నేను బొగ్గు ఒకేసారి అర టన్ను పెంచేవాణ్ణి, అరగంటకు ఎక్కువైందని దించేవాణ్ణి. ఇది కూరలో ఉప్పు సరిచూసినట్టు చిటికెడు చిటికెడుగా వేస్తుంది. పైగా ఛార్జ్ తీసుకోగానే ఎవరి లెక్కకు వాళ్లు సెట్టింగులు తిప్పేసే రోగం పోయింది. ఆ రోగం నాకూ ఉండేది లెండి.

రెండో ఏడాది వేసవిలో ఒక సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ. రాత్రి రెండున్నర. నాక్స్, అంటే కిల్న్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల కొలత, మెల్లగా దిగుతోంది. నాక్స్ దిగితే బర్నింగ్ జోన్, అంటే మంట ఉండే చోటు, చల్లబడుతోందని లెక్క, అందుకని ఆటో బొగ్గు పెంచింది. ఇంకా దిగింది, ఇంకా పెంచింది. ఆక్సిజన్ ఆరు శాతం దాటి కనిపిస్తోంది కాబట్టి గాలికి కొదవలేదనుకుంది. స్క్రీన్ మీద పచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతోంది. టీ తాగుతూ నేనూ నమ్మాను.

కాసేపటికి కిల్న్ ఆంప్స్ (దాన్ని తిప్పే మోటార్ లాగే కరెంటు) మీద కన్ను పడింది. చల్లబడే కిల్న్‌కు ఆంప్స్ తగ్గాలి. ఇవి పైకి పోతున్నాయి. లోపల సరుకు బాగా వేడెక్కి, జిగురై, గోడ వెంట పైకెక్కినప్పుడు అలా అవుతుంది. ల్యాబ్‌కు ఫోన్ చేస్తే లీటర్ వెయిట్, అంటే ఒక లీటరు క్లింకర్ (కిల్న్‌లో కాలి వచ్చే గడ్డలు) బరువు, 1,380 గ్రాములన్నారు. మేం 1,250 దగ్గర పట్టుకుంటాం, బాగా పెరిగితే అతిగా కాలినట్టు. వెంటనే మాన్యువల్‌లో పెట్టి బొగ్గు కోశాను, కానీ ఆలస్యమైంది. క్లింకర్‌ను చల్లార్చే కూలర్ మొదట్లో అది ముద్దకట్టి దిబ్బలా లేచింది, దాన్నే మేం స్నోమ్యాన్ అంటాం. సూర్యాపేట ఎండల్లో స్నోమ్యాన్! గాలి దెబ్బతో గడ్డలు రాల్చే ఎయిర్ బ్లాస్టర్లకు కదల్లేదు. ఫీడ్ (కిల్న్‌లోకి వెళ్లే పొడి) ఆపి, మనుషులు రాడ్లతో పొడిచి దించాల్సి వచ్చింది.

తెల్లారి చూస్తే ఆటోకు ముక్కులాంటి ఇన్‌లెట్ గ్యాస్ ఎనలైజర్, అంటే కిల్న్ పొగను కొలిచే మీటర్, దాని శాంపిల్ లైన్‌లో ఒక ఫిట్టింగ్ వదులైంది. బయటి గాలి కలిసి నాక్స్ పలచబడింది, ఆక్సిజన్ ఎక్కువ చూపించింది. తప్పు ఫిట్టింగ్‌దే, ఒప్పుకుంటాను. నా కోపం ఆ పచ్చ దీపం మీద. నాక్స్ ఒక దారిన, ఆంప్స్ ఇంకో దారిన పోతుంటే ఏదో తేడాగా ఉందని ఒక్క మాట అనొచ్చు కదా?

కంపెనీవాళ్లు తర్వాత వచ్చి అలాంటి అలారమే పెట్టారు. అది ప్రోబ్ (ఎనలైజర్‌కు పొగ లాగే గొట్టం) శుభ్రం కావడానికి గాలి ఊదుకున్న ప్రతిసారీ మోగుతుంది. మా కుర్రాళ్లు చూడకుండానే నొక్కేస్తున్నారు.

నేను బొగ్గు అంటున్నా, మాది పెట్‌కోక్, అంటే పెట్రోలియం శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం. సల్ఫర్ ఎక్కువ, ఇన్‌లెట్ దగ్గర బిల్డప్ (గోడలకు పేరుకునే గట్టి పొర) ఎక్కువ, ప్రోబ్ ఊరికే మూసుకుపోతుంది. మీ ఇంధనం నిలకడగా ఉండి, రాత్రిపూట మీటర్లు చూసుకునే ఇన్‌స్ట్రుమెంటేషన్ మనిషి ఉంటే నా మొదటి ఏడాది మాటే పట్టుకోండి. మాకు సి షిఫ్ట్‌లో ఆ మనిషి ఉండడు. అందుకే ఆ రాత్రుళ్లు బొగ్గు పై లిమిట్ కాస్త బిగించి, లీటర్ వెయిట్ రెండు గంటలకోసారి నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చుంటాను.