మా బుడ్డోడు, మూడేళ్ల క్లిక్కరు, ఒక పందికొక్కు బొరియ

కుక్కకి పనులు నేర్పేటప్పుడు నొక్కితే "టిక్" మనే చిన్న డబ్బా, క్లిక్కరు, నాకు నచ్చింది ఒకే ఒక్క కారణానికి. దానికి కోపం రాదు.

నా గొంతుకి వస్తుంది. పొద్దున ఆరింటికి "కూర్చో" అంటే ఒకలా ఉంటుంది. ఆఫీసు కాల్ మధ్యలో వాడు నా చెప్పు నోట కరుచుకుని పోతుంటే అదే "కూర్చో" ఇంకోలా వస్తుంది. అమ్మేమో "కూర్చోరా నాయనా" అంటుంది, నాన్న "సిట్" అంటారు. (కుక్క కనబడగానే మనవాళ్లందరికీ ఇంగ్లీషు ఎందుకు తన్నుకొస్తుందో!) వాడి చెవికి ఇవన్నీ వేర్వేరు మాటలు. క్లిక్కరు మాత్రం ఎవరి చేతిలో ఉన్నా, ఎవరు ఎంత చిరాకులో ఉన్నా అదే "టిక్".

వాడంటే మా డాక్స్‌హండ్, పొట్టి కాళ్లు, పొడుగు ఒళ్లు ఉండే జాతి కుక్క. డాక్టరుగారి కార్డులో రాకీ, ఇంట్లో బుడ్డోడు. వచ్చే సంక్రాంతికి నాలుగేళ్లు. గుంటూరులో మా ఇల్లు, చిన్న పెరడు, పక్కన ఖాళీ స్థలం. ఆ ఖాళీ స్థలం సంగతి తర్వాత చెబుతాను.

క్లిక్కరు కంటే ముందు ఒక ట్రైనరుని పెట్టాం. మెడకు బిగుసుకునే గొలుసు, చేతిలో చుట్టిన పేపరు. పదిహేను రోజుల్లో బుడ్డోడు అతను చెప్పినట్టల్లా విన్నాడు, అతను చెప్పినప్పుడు మాత్రమే. అతను మానేశాక ఎవరు "సిట్" అన్నా మంచం కిందికి దూరేవాడు. అందుకే మేం "సిట్" వదిలేసి "కూర్చో"కి మారాం. నాన్న ఒక్కరే మారలేదు.

ఈ ప్లాస్టిక్ డబ్బా వాడే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. పని సరిగ్గా చేసిన క్షణంలో టిక్, వెంటనే ముక్క. టిక్ అన్నాక ముక్క ఇవ్వాల్సిందే, పొరపాటున నొక్కినా సరే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ శిష్యులు బ్రెలాండ్ దంపతులు 1940లలోనే జంతువుల మీద ఇలాంటి పద్ధతి వాడారు. డాల్ఫిన్లకి ఈల ఊది నేర్పేదీ ఇదే లెక్కలో. మా ఇంట్లో ముక్క అంటే ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత. అంతకంటే పెద్దదైతే నములుతూ కూర్చుని ఏం చేశాడో మర్చిపోతాడు.

డాక్స్‌హండ్ ఉన్నవాళ్లకే తెలిసే కష్టం ఒకటుంది. వాడు కూర్చున్నాడో నిలబడ్డాడో పైనుంచి చూస్తే తెలియదు. కాళ్లు అంతే ఉన్నాయి మరి. మొదట్లో నేను నిలబడే చూస్తూ, కూర్చున్నాడనుకుని టిక్ కొట్టేదాన్ని. నిజానికి అప్పటికి వాడు మళ్లీ లేస్తున్నాడు. వాడికి అర్థమైంది ఏంటంటే, "కూర్చో" అంటే వెనక భాగం కాస్త దించి టక్కున లేపడం అని. మూడు వారాలు బస్కీలు తీశాడు పాపం. ఎవరైనా వచ్చినప్పుడు "కూర్చో" అంటే పెళ్లివారికి వంగి దండం పెట్టినట్టు ఉండేది. తప్పు నాదని తెలిసింది, నేనే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న రోజున. తోక మొదలు నేలకి ఆనగానే టిక్. నాలుగు రోజుల్లో సరిపోయింది. మొండి కుక్క అని వాడిని తిట్టిన మూడు వారాలూ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటాయి.

ఆ తర్వాత "ఆగు", "వదిలెయ్", గేటు తీస్తే కూర్చుని చూడటం, అన్నీ ఆర్నెల్లలో వచ్చేశాయి. నేను ఆఫీసు కాల్స్‌లో కనిపించినవాళ్లందరికీ కొనమని చెప్పాను. నలుగురు కొన్నారు కూడా. వాళ్లకి ఇప్పుడు కొంచెం సంజాయిషీ చెప్పుకోవాలి.

పోయిన వానాకాలం, సాయంత్రం. నీళ్ల డబ్బా అబ్బాయి గేటు దగ్గరకి వేసి వెళ్లలేదు. నేను చూసేసరికి బుడ్డోడు పక్క స్థలంలో, సర్కారు తుమ్మ మొదట్లో ఉన్న పందికొక్కు బొరియలో సగం ఒంటితో దూరి ఉన్నాడు. బయట కనిపిస్తున్నది వెనక కాళ్లు, తోక, వెనక్కి ఎగిరిపడుతున్న మట్టి. లోపలినుంచి గుర్రుమంటున్నాడు. జర్మన్‌లో డాక్స్ అంటే బ్యాడ్జరు, అంటే బొరియల్లో ఉండే ఒక జంతువు, హుండ్ అంటే కుక్క. దాని బొరియలో దూరి, యజమాని కనిపించని చీకట్లో సొంతంగా తేల్చుకోవడానికే ఈ జాతిని పెంచారు. అంటే వాడు ఆ క్షణంలో చెడ్డ కుక్క కాదు, అచ్చమైన డాక్స్‌హండ్. ఇది నాకు రాత్రి తట్టింది. అప్పుడు మాత్రం నేను చేసిన పని, జేబులోంచి క్లిక్కరు తీసి టిక్ టిక్ టిక్ అని కొట్టడం. ఇరవైసార్లు కొట్టి ఉంటాను. తోక కూడా ఆగలేదు.

ప్రహరీ అవతలినుంచి నాన్న, "ఆ గడియారం ఆపి కాళ్లు పట్టుకుని లాగవే!" అన్నారు. లాగితే వాడి నడుము దెబ్బతింటుంది. అసలే ఈ జాతికి వెన్నుపూసల జబ్బులు ఎక్కువ. ఆ మాట అరిచి చెబుతూనే ఏడుపొచ్చేసింది నాకు. అప్పుడు అమ్మ వచ్చింది, చేతిలో వాడి స్టీలు గిన్నె, గరిట. రోజూ రాత్రి ఏడింటికి కొట్టినట్టే గిన్నె అంచు మీద రెండుసార్లు కొట్టి, "బుడ్డోడా, దా" అంది. మామూలు గొంతుతో. గుర్రు ఆగింది. వెనక్కి, వెనక్కి పాకుతూ వచ్చాడు, ముక్కు నిండా బురద, ఒక చెవి తిరగబడి.

అక్కడితో అయిపోతే బాగుండేది. నేను వాడి వీపు మీద ఒక్కటి వేసి, మెడ పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చి కట్టేశాను. మర్నాడు డాక్టరుగారు చూసి, ఈ ఏడాది లెప్టో టీకా పడిందా అని అడిగారు. ఎలుకల మూత్రంతో వచ్చే జబ్బు కదా. పడింది, అదొక్కటీ అదృష్టం. కానీ ఆ తర్వాత "దా" అంటే వాడు ఆరడుగుల దూరంలో ఆగిపోయేవాడు. దగ్గరికొస్తే దెబ్బ పడుతుందని నేనే నేర్పాను మరి, ఒక్క పాఠంలో, చికెన్ ముక్క కూడా లేకుండా. క్లిక్కరు పరిస్థితి కూడా అంతే. ఇరవై టిక్కులకి ఒక్క ముక్క ఇవ్వలేదు. చెల్లని చెక్కులు అన్ని ఇచ్చాక ఇరవై ఒకటోది ఎవరు నమ్ముతారు? టిక్ అంటే తల తిప్పి చూసేవాడు, అంతే.

అప్పటికి కానీ నా బుర్రకి ఎక్కలేదు. క్లిక్కరు "భేష్, అదే" అని చెప్పే గుర్తు. "రా" అనే పిలుపు కాదు. మూడేళ్లుగా నేను దాన్ని రెండు రకాలుగానూ వాడుతున్నాను, పెరట్లో పనిచేసింది కాబట్టి తేడా తెలియలేదు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. మెడ పట్టీ తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్, దానికి ముప్పై అడుగుల సన్నటి నైలాన్ తాడు. పొద్దున ఐదున్నరకి, నేల కాలకముందే. "దా" అన్న మాట పక్కన పెట్టి గిన్నె చప్పుడు పట్టుకున్నాం. గిన్నె మోగితే వస్తాడు, నా దగ్గరకి చేరగానే టిక్, మూడు ముక్కలు, మళ్లీ వదిలేయడం. పిలిచి స్నానం చేయించడం, పిలిచి కట్టేయడం పూర్తిగా బంద్. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు పెరట్లో పదికి పదిసార్లూ వస్తాడు. ఖాళీ స్థలంలో, బొరియ వాసన తగిలితే, నేను పందెం కాయను. తాడు లేకుండా అటు వదలను.

వస్తువు గురించి కూడా రెండు ముక్కలు. మొదటిది నా ప్యాంటు జేబులో ఉండగా వాషింగ్ మెషీన్‌లో పడి, లోపలి రేకు తుప్పు పట్టింది. రెండోది బాగానే ఉంది కానీ నాన్న బాల్‌పెన్ను చప్పుడూ దానిదీ ఒక్కలాగే ఉండేవి. ఆయన పదకేలీ నింపుతుంటే బుడ్డోడు ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. ఆయన బిస్కెట్ పెట్టేవారు, రోజుకి ఎన్నో నేను లెక్కపెట్టలేదు. బరువు పెరిగితే నడుముకి ముప్పని డాక్టరుగారు మందలించాక నాన్న పెన్సిల్‌కి మారారు. ఇప్పుడున్నది మూడోది. చప్పుళ్లకి బెదిరే కుక్కయితే మొదట్లో రుమాలులో చుట్టి నొక్కండి, బాణసంచా రోజుల్లో అసలు మొదలుపెట్టకండి.

కొనమంటారా అంటే, నాకు పనికొచ్చింది. నేను ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాను, రోజుకి నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు దొరుకుతాయి, చికెన్ ఉడికించినా మా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చేవాళ్లకి ఇదే ఫలితం వస్తుందని చెప్పలేను. మా ఎదురింటివాళ్లకి రెండు పామరేనియన్లు. ఒకదానికి టిక్ కొడితే రెండోది ముక్క కోసం పరిగెత్తుకొస్తుంది, వాళ్లు నెలకే డ్రాయర్లో పడేశారు.

ఈ మధ్య నేను దాన్ని గోళ్లు కత్తిరించడానికి వాడుతున్నాను. కట్టర్ చూపిస్తే టిక్, గోరుకి ఆనిస్తే టిక్, ఒక్క గోరు కత్తిరిస్తే టిక్. ఎడమ ముందుకాలు అయింది. కుడికాలు ఇంకా ఇవ్వడం లేదు, కడుపు కింద దాచుకుంటున్నాడు.