ఒబామాకేరా, అఫర్డబుల్ కేర్ యాక్టా: ఏ పేరుతో అడిగితే ఏ జవాబు?

అమెరికాలో 2010 మార్చి 23న ఒబామా సంతకం పెట్టిన ఆరోగ్య బీమా చట్టానికి రెండు పేర్లు. అసలు పేరు ‘అఫర్డబుల్ కేర్ యాక్ట్’. ‘ఒబామాకేర్’ అన్నది ప్రత్యర్థులు ప్రచారంలోకి తెచ్చిన పేరు. తర్వాత ఒబామాయే దాన్ని సొంతం చేసుకున్నారు.

2013 సెప్టెంబరు సీఎన్‌బీసీ సర్వేలో సగం మందిని ఒక పేరుతో, మిగతావారిని రెండో పేరుతో అడిగారు. ఒబామాకేర్‌కు వ్యతిరేకత 46 శాతం, చట్టం అసలు పేరుకు 37. మద్దతూ అంతే: 29, 22. అంటే ఆ పేరు జనాన్ని రెండు వైపులా లాగింది. అసలు పేరు చెబితే ఏకంగా 30 శాతం తెలియదన్నారు. ఒబామాకేర్‌కు 12 శాతమే.

ఇదే చట్టం కింద జనం బీమా కొనుక్కునే వేదికకు (ఎక్స్ఛేంజికి) కెంటకీ రాష్ట్రం సొంత పేరు పెట్టుకుంది. 2014 మే మారిస్ట్ సర్వేలో దానిపై వ్యతిరేకత 22 శాతం, ఒబామాకేర్‌పై 57!

సర్వే చేసేవాళ్లు రెండు పేర్లూ ఒకే మనిషిని అడగకూడదు. మొదటి జవాబు రెండోదాన్ని ప్రభావితం చేస్తుంది. పేరు పక్కనపెట్టి, చట్టంలో ఉన్న, పాత జబ్బులున్నవారికి బీమా నిరాకరించకూడదన్న నిబంధన గురించి విడిగా అడగడమే మేలు.